లారీ ముందు జాగా ఎవరిది?

నందిగామ దాటాక హైదరాబాద్ హైవే మీద రోజూ జరిగేదే. లోడు లారీ డ్రైవరు ముందు బండికి బాగా ఎడం పాటించి నడుపుతుంటాడు. ఆ ఎడం కంటబడితే చాలు, పక్క వరుసలోని కారు అందులో దూరుతుంది, దూరిన మరుక్షణం బ్రేకు కొడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బ్రేకుల పని చేస్తూ జుట్టు నెరిసినవాణ్ని. ఆ జాగా డ్రైవరు కావాలని అట్టిపెట్టుకున్నది. అతని బ్రేకులో అదీ ఒక భాగమే.

నాలుగు వరుసల రోడ్డు మీద సరుకు బండ్లకు గంటకు 80 కిలోమీటర్ల దాకా అనుమతి ఉంది. అంటే సెకనుకు 22 మీటర్లు. ప్రమాదం కనబడి కాలు పెడలు మీదికొచ్చేసరికే ఒక సెకను పోతుంది. కారు బ్రేకు ఆయిల్‌తో పనిచేస్తుంది కాబట్టి తొక్కగానే పట్టేస్తుంది. లారీది గాలి బ్రేకు. పెడలు కింద వాల్వు తెరుచుకుని, ట్యాంకులో గాలి పైపుల్లోంచి వెనక చక్రాల దాకా పోయి చాంబర్లు నింపాలి. దానికి అరసెకను పట్టినా 11 మీటర్లు. బండి ఆగడం మొదలయ్యేది ఆ తర్వాతే. పొడి రోడ్డయితే ఇంకో 50 మీటర్లు. మొత్తం నాలుగు క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచినంత దూరం. వానలో అదీ చాలదు.

ఇదంతా బ్రేకు కండిషన్‌లో ఉన్న బండి సంగతి. మా దగ్గరికి వచ్చే బండ్లలో ముందు చాంబరు రాడ్డు మీద సుద్దముక్కతో గీత పెట్టి, కుర్రాణ్ని పెడలు తొక్కమంటాం. గీత ఎంత దూరం జరిగిందో కొలుస్తాం. చక్రం డ్రమ్మును పట్టి ఆపే లైనరు అరిగి, ఆ రెంటి మధ్య సందు సరిచేసే స్లాక్ బిగించకుండా తిప్పిన బండికి రాడ్డు చాలా దూరం వస్తుంది, పట్టు మాత్రం ఉండదు. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ము వేడికి వ్యాకోచించి లైనరుకు మరింత దూరమవుతుంది. చిన్న గేరులో దిగాల్సిన చోట డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలితే భారమంతా ఆ డ్రమ్ముల మీదే. ఇక ఓవర్‌లోడు. బరువు పెరిగితే టైరు పట్టూ పెరుగుతుంది కదా అని ఓనర్లు నాతో వాదిస్తారు. టైరుకు పెరగొచ్చు, లైనరుకు పెరగదు. అందుకే స్లాక్ బిగించడానికి ఒక పూట బండి ఆపని ఓనరును నేను వెనకేసుకు రాను.

కానీ ఓనరు ఎంత బాగా చూసుకున్నా, డ్రైవరు ఎంత నెమ్మదస్తుడైనా, ఉన్నట్టుండి బంపరు ముందుకొచ్చిన కారును ఏ బ్రేకూ కాపాడలేదు. డ్రైవరు మళ్లీ ఎడం తీసుకునేలోపే ఇంకో కారు దూరుతుంది. గుద్దితే జనం తలుపు తీసి లాగి కొట్టేది మాత్రం లారీ డ్రైవరునే. ఇది అన్యాయం.

లెర్నింగ్ లైసెన్సు పరీక్షలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి సైన్‌బోర్డుల గుర్తులు అడుగుతున్నారు. లోడు లారీ ఎంత దూరంలో ఆగుతుందో కూడా అడగాలి. దానికి జవాబు తెలియని వాళ్లకు, కారయినా బైకయినా, లైసెన్సు ఇవ్వకూడదు. వీలైతే కొత్తవాళ్లను ఒక్కసారి లారీ క్యాబిన్‌లో కూర్చోబెట్టండి. బంపరుకు ఆనుకుని ఆగిన స్కూటరు అక్కణ్నుంచి కనబడదు.