లెక్క తెరిచి చూపించే కెమిస్ట్రీ కావాలి

మన డిగ్రీ తరగతుల్లో రసాయన శాస్త్రానికి రెండు ముఖాలున్నాయి. ఒకటి లాబులో కనిపిస్తుంది: బ్యూరెట్టు, పిపెట్టు, లవణ విశ్లేషణ. రెండోది నల్లబల్ల మీద మాత్రమే కనిపిస్తుంది: ష్రోడింగర్ సమీకరణం, ఆర్బిటాళ్లు, హైడ్రోజన్ అణువు. మొదటిదాన్ని చేతులతో చేస్తాం, రెండోదాన్ని బట్టీ పడతాం. టైట్రేషన్ రీడింగు కలవకపోతే మళ్లీ చెయ్యమనే మాస్టారు కూడా, హైడ్రోజన్ అణువు శక్తి ఎంతో లెక్కగట్టి చూపించమని ఎన్నడూ అడగరు. ఆ లెక్క చేతితో తెమిలేది కాదు కదా!

ఈ రోజుల్లో ఆ సాకు చెల్లదని నా అభిప్రాయం. పైఎస్‌సీఎఫ్ అనే ప్రోగ్రామ్ లైబ్రరీ ఒకటుంది. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాల బీరువా కాదు, మన ప్రోగ్రాములో తెచ్చి వాడుకోదగ్గ తయారు లెక్కల పెట్టె. గార్నెట్ చాన్ బృందంలో చిమింగ్ సున్ దీన్ని మొదలుపెట్టాడు. 2018లో దీని వివరాలు పరిశోధనా పత్రంగా వచ్చాయి. ఎక్కువ భాగం పైథాన్‌లో, వేగం కావలసిన చోట సీ భాషలో రాశారు. దీని మూలమంతా బహిరంగమే. ఎవరైనా తీసుకోవచ్చు, చదవచ్చు, మార్చుకోవచ్చు, మరొకరికి ఇవ్వొచ్చు. చిన్న అణువులకైతే లినక్సు ఉన్న మామూలు కంప్యూటరు చాలు.

ఇది కొత్త ధర్మమేమీ కాదు. 1960ల్లోనే అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం నుంచి క్వాంటం కెమిస్ట్రీ ప్రోగ్రాములను శాస్త్రజ్ఞులు ఒకరికొకరు పంచుకునేవారు. జాన్ పోపుల్ బృందం తయారుచేసిన గాసియన్-70 కూడా ఆ దారినే పదిమందికీ చేరింది. ఇలాంటి లెక్కల పద్ధతులకే పోపుల్‌కు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. 1987 నుంచి గాసియన్ ఒక కంపెనీ అమ్మే సరుకైంది. అమ్మడం నేరమని నేననను. కానీ కొనలేని కాలేజీల మాటేమిటి? చాలాచోట్ల జరిగేది అందరికీ తెలుసు: దొంగ కాపీ. దానితో వచ్చిన ఫలితాన్ని ప్రాజెక్టు రిపోర్టులో ఏ ముఖం పెట్టుకుని రాస్తాం?

అసలు లాభం డబ్బు మిగలడం కూడా కాదు. హైడ్రోజన్ అణువునే తీసుకోండి. రెండు పరమాణువుల మధ్య దూరం 0.74 ఆంగ్‌స్ట్రాములు పెట్టి, హార్ట్రీ-ఫాక్ పద్ధతిలో, ఎస్‌టీవో-3జీ అనే అతి చిన్న బేసిస్‌తో లెక్క వేస్తే సుమారు మైనస్ 1.117 హార్ట్రీలు వస్తుంది. అసలు విలువ మైనస్ 1.174 దాకా ఉంటుంది. తేడా మోలుకు దాదాపు 150 కిలోజౌళ్లు! బేసిస్‌ను సీసీ-పీవీటీజెడ్‌కి పెంచితే మైనస్ 1.133 వస్తుంది. రెండు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తప్పించుకు తిరగడాన్ని కూడా పూర్తిగా లెక్కలోకి తీసుకుంటే మైనస్ 1.172 దగ్గరికి చేరుతుంది. ఈ మూడు అంకెలూ స్వయంగా రాబట్టిన కుర్రాడికి ‘ఉజ్జాయింపు’ అనే మాటకు అర్థం జన్మలో మరిచిపోడు. కంప్యూటరు పది దశాంశాలు అచ్చువేసినంత మాత్రాన అది సత్యం కాదని కూడా తెలుస్తుంది. ఏ మెట్టులో ఏం జరిగిందో మూలం తెరిచి చూసుకోవచ్చు.

వ్యవసాయం ఇళ్లనుంచి వచ్చినవాళ్లకి ఇది సులువుగానే బోధపడుతుంది. పక్కరైతు దగ్గర తెచ్చుకున్న నాటు విత్తనాన్ని పండించి, దాచి, మరుసటేడు అడిగినవాడికి పెడతాం. హైబ్రిడ్ పాకెట్టు మాత్రం ఏటా కొనాల్సిందే. దాని తల్లిదండ్రులేవో అమ్మినవాడికే ఎరుక. హైబ్రిడ్ పండదని ఎవరన్నారు? బాగానే పండుతుంది. కానీ విత్తనం కట్టడం నేర్చుకోవాలనుకునేవాడికి ఆ పాకెట్టు ఏమీ నేర్పదు.

‘మీట నొక్కితే జవాబొస్తే పిల్లలకి బుర్ర పనిచేస్తుందా?’ అని కొందరు పెద్దల సందేహం. సబబైన సందేహమే. మూసిన పెట్టె ఇచ్చి మీట నొక్కమంటే నిజంగానే బుర్ర పనిచెయ్యదు. అందుకే తెరిచిన పెట్టె కావాలంటున్నాను. ‘ఉచితంగా వచ్చేది నాసిరకం’ అనేవాళ్లకీ ఇదే జవాబు: నాసో, నాణ్యమో ఎవరైనా పరీక్షించి చూసుకునే వీలు దీనికుంది.

అయితే ఉచితంగా దొరికినంత మాత్రాన విద్య వచ్చేయదు. దీని పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. తెలుగు మీడియం నుంచి వచ్చినవాడు మొదటి పేజీలోనే బెదిరిపోతాడు. పైథాన్ కంప్యూటరు గ్రూపువాళ్ల సొత్తన్నట్టు మనల్ని దూరంగా ఉంచుతున్నారు కూడా.

కనుక అధ్యాపకులకు నా విన్నపం: ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో వారానికి రెండు గంటలు ఈ లెక్కలకి కేటాయించండి. లవణ విశ్లేషణతోపాటు హైడ్రోజన్ అణువు లెక్క కూడా రికార్డులో ఉండాలి, దానికీ మార్కులుండాలి. పూర్వ విద్యార్థులు నాలుగు పాత కంప్యూటర్లు ఇప్పిస్తే చాలు. మన యూనియన్ వార్షికోత్సవం ఖర్చులో కొంత తగ్గించి తెలుగులో ఒక చిన్న వాచకం అచ్చువేయించాలి. రాసే పని మేం విద్యార్థులం పంచుకుంటాం. తప్పులు దిద్దే పని మాస్టర్లది. ఆ వాచకాన్ని కూడా ఎవరైనా తీసుకునేలా, మార్చుకునేలా వదిలేద్దాం.