టేపు మీద రాయాల్సిన మాటలు

1966 నవంబర్ చివర్లో లండన్‌లో బీటిల్స్ బృందం ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ పాట రికార్డింగ్ మొదలుపెట్టింది. దాదాపు నెల రోజులు పాడినదే పాడారు, వాయించినదే వాయించారు. చివరికి బృందంలోని జాన్ లెనన్‌కి ఏడో టేకు మొదలు నచ్చింది, ఇరవై ఆరో టేకులో తర్వాతి భాగం నచ్చింది. రెండింటి శ్రుతి వేరు, నడక వేరు. నిర్మాత జార్జ్ మార్టిన్, సౌండ్ ఇంజనీర్ జెఫ్ ఎమరిక్ టేపుల వేగం సవరించి ఒకదాన్ని ఇంకొకదానికి అతికించారు. 1967లో లోకం విన్నది ఆ అతుకుల పాటనే. దాని వెనకాల ఏముందో అధికారికంగా వినడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన బీటిల్స్ పాత రికార్డింగ్‌ల సంకలనం ‘ఆంథాలజీ’ రెండో సంపుటంలో లెనన్ ఇంట్లో తనకోసం తాను పాడుకున్న చిత్తు, మొదటి టేకు, ఏడో టేకు వరసగా వినిపించాయి. అవి విన్నాక అసలు పాట విలువ తగ్గలేదు. అది ఎంత తడుముకుంటూ, ఎన్ని దారులు వదులుకుంటూ అక్కడికి చేరిందో చెవికి తెలిసింది. పాత పెట్టెలు మళ్లీ తెరిచే బృందాలను ‘సరుకైపోయింది, అడుగు గీకుతున్నారు’ అని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాట తప్పు. చిత్తును చిత్తుగానే బయటపెట్టడం సంగీతానికి మేలు. పళని చుట్టుపక్కల, కోయంబత్తూరు, మదురై జిల్లాల్లో తరతరాలుగా ఉన్న తెలుగువాళ్లకైతే అది మేలు మాత్రమే కాదు, అత్యవసరం.

ఎందుకంటే ఇక్కడి తెలుగు కాగితం మీద బతికిన తెలుగు కాదు. విజయనగర, నాయక రాజుల కాలం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. రాజకంబళత్తు నాయకర్లయినా, కమ్మ నాయుళ్లయినా, తెలుగు మాట్లాడే అరుంధతీయులైనా ఇదే సంగతి. పెళ్లిలో, సమర్తలో, జక్కమ్మ దేవత కొలుపులో, చావింట్లో పాడే పాట నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి వచ్చిందే. తంజావూరు నాయకుల ఆస్థాన తెలుగుకు తాళపత్రాలున్నాయి, సరస్వతీ మహల్ గ్రంథాలయం ఉంది. ఈ పల్లెల తెలుగుకు అలాంటి గూడు లేదు. దేవదుందుభి మోతకు అడుగులు వేసే దేవరాట్టం వేదికలెక్కింది, కెమెరాలకు చిక్కింది. ఆ ఆట ఆడేవాళ్ల ఇళ్లలో ముసలమ్మలు పాడే పాటకు ఆ అదృష్టం పట్టలేదు. టేపు రికార్డరు ఇళ్లలోకి వచ్చాక ఎవరో ముచ్చటపడి పట్టుకున్న క్యాసెట్టే దానికి తాళపత్రం. బీటిల్స్ చిత్తు పోయినా అచ్చుపాట మిగులుతుంది. ఇక్కడ చిత్తే ఉంది, అచ్చు లేదు.

పెద్ద సంస్థలు దాచిపెడతాయిలే అనుకోవడానికి వీల్లేదు. 1962 నుంచి 1965 దాకా బీటిల్స్ బీబీసీ రేడియోలో 275 సార్లు పాడారు. ఆ టేపుల్లో చాలావాటిని బీబీసీ ఉంచుకోలేదు. 1994లో ‘లైవ్ ఎట్ ది బీబీసీ’ ఆల్బమ్ కూర్చేటప్పుడు, ఇంట్లో రేడియో పక్కన టేపు రికార్డరు పెట్టుకుని పట్టిన శ్రోతల రికార్డింగ్‌లు కూడా అక్కరకొచ్చాయి. లోకమంతా ఎరిగిన బృందానికే ఈ గతి పడితే, పళని దగ్గరి ఒక ఊళ్లో పాడిన పెళ్లిపాటను ఎవరు భద్రపరుస్తారు? ఇనప్పెట్టెలోనో అటక మీదో క్యాసెట్టు ఉన్న ఇల్లే భద్రపరచాలి. అయస్కాంతపు టేపు ఊరికే పడి ఉన్నా పాడవుతుంది. తేమకు బూజు పడుతుంది, పొరలు అంటుకుంటాయి. దాన్ని వాయించే యంత్రాలూ, బాగుచేసే చేతులూ ఏటికేడు తగ్గిపోతున్నాయి. గంట టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి గంట పడుతుంది, అందులో అడ్డదారి లేదు.

చిత్తును బయటపెట్టడానికి గట్టి అభ్యంతరమే ఉంది. కళాకారుడు వద్దని పక్కన పెట్టినదాన్ని మనం ఎందుకు తవ్వాలి? నిజమే, ఆ హక్కు కళాకారుడిదే. పాత మదురై జిల్లాలోని పణ్ణైపురంలో పుట్టి తెలుగువాళ్లకూ సొంతమైపోయిన ఇళయరాజా 1993లో లండన్‌లో రాయల్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో ఒక సింఫనీ రికార్డు చేశారు. అది విడుదల కాలేదు. 2025 మార్చి 8న ఆయన లండన్‌లో వినిపించింది ‘వాలియంట్’ అనే మరో సింఫనీ. పాతది వినాలని ఎంత ఆశ ఉన్నా తాళం చెవి ఆయన చేతిలో ఉండటమే న్యాయం. బీటిల్స్ విషయంలోనూ అంతే జరిగింది. వాళ్లు వదిలేసిన టేకులతో రికార్డు కంపెనీ ఈఎంఐ 1985లో ‘సెషన్స్’ అనే ఆల్బమ్ సిద్ధం చేస్తే సభ్యులు ఒప్పుకోలేదు, అది ఆగిపోయింది. పదేళ్ల తర్వాత తామే కూర్చుని ఏది వినిపించాలో, ఏది వద్దో తేల్చుకుని ఆంథాలజీ తెచ్చారు. టేపులు దాదాపు అవే. అడిగి చేయడానికీ అడగకుండా చేయడానికీ ఉన్న తేడా అది. మన పాటలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కొలుపు పాట బయటివాళ్లు వినకూడదని ఒక ఊరు అనుకోవచ్చు. చావు ఏడుపులో ఒక తల్లి చెప్పుకున్న మాట ఆ ఇంటిది. కాపీ చేసి భద్రపరచడం ఒక పని, నలుగురికీ వినిపించడం ఇంకో పని. మొదటిదానికి ఆలస్యం కూడదు, రెండోదానికి తొందర కూడదు.

ఇక డబ్బు మాట. పాత రికార్డింగ్‌ల వెనక వ్యాపారం లేదని ఎవరూ అనలేరు. ఐరోపా చట్టంలో విడుదలైన రికార్డింగ్‌కు రక్షణ 70 ఏళ్లు, యాభై ఏళ్లలోపు విడుదల చేయనిదానికి ఆ పొడిగింపు లేదు. 2013 డిసెంబర్‌లో బీటిల్స్ 1963 నాటి 59 రికార్డింగ్‌లను ఐట్యూన్స్‌లో పెట్టడానికి కారణం ఈ గడువే అని అప్పుడే అందరికీ అర్థమైంది. స్వార్థంతో తెరిచినా పెట్టె తెరుచుకుంది. మన చట్టం సౌండ్ రికార్డింగ్‌కు 60 ఏళ్ల హక్కు ఇస్తుంది, కానీ ఆ లెక్క ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది. ప్రచురించకపోతే గడియారం కదలదు. కాబట్టి ఇక్కడ పెట్టె తెరవమని చట్టం ఎవరినీ తరమదు. మనకై మనం కదలాల్సిందే.

తెరిచాక బాగుచేయాలన్న తహతహ ఒకటి పట్టుకుంటుంది. లెనన్ ఇంట్లో పియానో దగ్గర పాడుకున్న ‘నౌ అండ్ దెన్’ క్యాసెట్‌ను 1995లో మిగతా ముగ్గురూ ప్రయత్నించి వదిలేశారు. గొంతునూ పియానోనూ విడదీయడం అప్పుడు చేతకాలేదు. కంప్యూటర్ ఆ పని చేశాక 2023 నవంబర్‌లో పాట వచ్చింది. ఉన్న గొంతు మీది మసి తుడవడం అది. లేని గొంతును పుట్టించడం వేరే సంగతి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును ఏఐతో అనుమతి లేకుండా సృష్టించారంటూ ఆయన కుటుంబం 2024లో ఒక తెలుగు సినిమావాళ్లకు లీగల్ నోటీసు పంపింది, ఆ బాధ న్యాయమైనదే. మన పాటల దగ్గర నేనైతే ఇంకొంచెం గట్టిగా ఉంటాను. ముసలమ్మ మధ్యలో మరిచిపోయి ఆగిన చోటు, పక్కనున్న కోడలు అందించిన చరణం, తమిళం కలిసిపోయిన మాట, వెనక కోడి కూత, ఏదీ తీసేయకూడదు. ‘అది తెలుగు మాట కాదు’ అని దిద్దే చెయ్యి అసలే పడకూడదు. శుభ్రం చేసిన ప్రతి ఒకటి వేరుగా ఉంచుకోవచ్చు, మొదటి ప్రతిని మాత్రం ముట్టుకోకూడదు.

లెనన్ పోయాక, 1994లో, ఆయన భార్య యోకో ఓనో బృందంలోని పాల్ మెకార్ట్నీకి ఇచ్చిన ఆ ‘నౌ అండ్ దెన్’ క్యాసెట్ మీద ‘పాల్ కోసం’ అని రాసి ఉంది. అది ఎవరి చేతికి చేరాలో ఆ రెండు మాటలే చెప్పాయి. మన ఇళ్లలోని క్యాసెట్ల మీద చాలావాటికి ఏమీ ఉండదు, లేదా ‘కల్యాణం’ అని ఉంటుంది. పాడినవాళ్ల పేర్లు, ఊరు, ఏ ఏడాది, ఏ సందర్భం, ఎవరికి వినిపించవచ్చు: గుర్తున్నవాళ్లు ఉండగానే ఇంతమటుకు రాసిపెట్టాలి. తెలుగు లిపి రాకపోతే తమిళంలోనే రాయొచ్చు.