ప్రవాసుల ధనము, ఉద్దానమున ఉపాధి

కళింగపట్నము, బారువ, భీమునిపట్నము రేవులలో పొగయోడలెక్కి రంగమునకు (బర్మాలోని రంగూనుకు) పోయి, అచటి రేవులోను ధాన్యపు మిల్లులలోను మూటలు మోసి, పని కుదిర్చిన మేస్త్రీ బాకీ తీరగా మిగిలిన రూకలను ఇంటికి పంపిన కూలీల శ్రమఫలముతో శ్రీకాకుళ, విజయనగర ప్రాంతములందు ఎన్నియో కుటుంబములు ఋణవిముక్తములైనవి, ఎకరమో అరయెకరమో భూమి సంపాదించుకొన్నవి. కాని తరువాతి తరమును ఓడ యెక్కనీయక ఊరనే నిలుపగల పని మాత్రము ఆ ధనమువలన ఏర్పడలేదు. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పదిలక్షలకు మించియుండిరి. 1930 మే నెలలో రంగూను రేవున తెలుగు కూలీలపై చెలరేగిన హింస, 1942లో జపాను దండయాత్ర, 1964 ప్రాంతపు జాతీయకరణము, ఒకదానివెంట నొకటిగా వచ్చి, ఆ బ్రతుకుతెరువును తుడిచివేసినవి. మరలి వచ్చినవారి చేత ధనమును లేదు, వారికై ఇచట పనియును లేదు.

నేడు శ్రీకాకుళపు ఉద్దాన ప్రాంతమందలి కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలముల యువకులు వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫు దేశములకును సింగపూరునకును పోవుచున్నారు. ఏజెంటుకు చెల్లింపవలసిన మొత్తమును వడ్డీకి తెచ్చి విమాన మెక్కినవాని తొలి జీతములు ఆ అప్పునకే సరిపోవును. పిమ్మట డాబా, బంగారము, చెల్లెలి పెండ్లి. ఉద్దానమున ఎన్నో యిండ్లను పీడించుచున్న మూత్రపిండ వ్యాధికి వైద్యము సరేసరి. వీరు ధనమును వృథా చేయుచున్నారనుట ఘోరమైన అన్యాయము. నెలకు కొద్దివేలు మిగుల్చుకొనువానికి, ఆ వేలను పదిమంది వేలతో చేర్చి పరిశ్రమగా మలచు విశ్వసనీయ సంస్థ ఏదియు ఊరిలో లేనపుడు, ఇటుకయు బంగారమును గాక వానికి వేరు గతి యేమున్నది?

ఆఫ్రికా అనుభవ మిచట పరిశీలింపదగినది. మాలీ దేశపు కాయెస్ ప్రాంతీయులు ఫ్రాన్సులో కూలిచేయుచు, సంఘములుగా ఏర్పడి, చందాలు కూర్చి స్వగ్రామములలో బావులు, బడులు, వైద్యశాలలు నిర్మించినారు. అయినను అచటినుండి వలస ఆగలేదు. ఇథియోపియా 2011లో ఆరంభించిన నీలి నైలునది ఆనకట్టకై ప్రవాసులకు బాండ్లు విక్రయించినది. మనకు సమీపముననే, 1999లో ప్రారంభమైన కొచ్చి విమానాశ్రయము 30కి పైగా దేశములలోని ప్రవాసుల వాటాలతో నిర్మితమై, వారికి లాభాంశములు పంచినది. చందా యిచ్చినవాడు దాత. వాటా కొన్నవాడు యజమాని. ఉపాధికి రెండవవాడే కావలెను, ఏలయన వాడు లెక్క అడుగును.

రాజాము నుండి 1978లో జనుపనార మిల్లుతో బయలుదేరిన గ్రంధి మల్లికార్జునరావుగారు స్వస్థలమున ఇంజనీరింగు కళాశాలను, ఆసుపత్రిని నెలకొల్పిరి. 2023 మే 3న శంకుస్థాపన జరిగిన భోగాపురము విమానాశ్రయ నిర్మాణమును వారి సంస్థయే చేపట్టినది. ఇది ప్రశంసార్హము. కాని మహాధనికునికి స్వదేశమున తెరచుకొను ద్వారము గల్ఫులోని వెల్డరుకు తెరచుకొనుట లేదు. భోగాపురమున వాడు ప్రయాణికుడు మాత్రమే.

వానికి తగిన రంగము పలాసలో నున్నది. జీడిపిక్కలు ఉడికించి, ఒలిచి, పొర తీసి, పప్పును రకములుగా ఏర్చు ఆ పరిశ్రమ వేలమంది స్త్రీలకు జీవనాధారము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానపు జీడితోటలను, కొబ్బరితోటలను కూల్చివేసినది. స్థానికముగా పండిన పిక్కలు చాలక ఆఫ్రికానుండి తెప్పించుకొనుచుండగా, జీడిపంటలో అగ్రస్థానమున నున్న ఐవరీ కోస్టు ఆ పిక్కలను తన దేశముననే ఒలిపించి తన ప్రజలకే పని కల్పింప యత్నించుచున్నది. వారి యత్నము న్యాయమైనది. అది ఫలించిననాడు పలాసకు దిక్కు ఉద్దానపు సొంత తోటలే. వాటిని తిరిగి నాటి, కాపునకు వచ్చుదాక ఏండ్లు వేచియుండు పెట్టుబడి కావలెను. నెలనెలా కొంచెముగా వచ్చు ప్రవాసుల ధనము, లాభమునకు తొందరపడని షరతుపై, అట్టి పనికి చక్కగా అమరును.

ఆ ధనమును వాటాలుగా కూర్చి సంఘము నెలకొల్పుటకు క్రొత్త చట్టమైనను అక్కరలేదు. సర్కారు వాటా లేకుండ సభ్యుల మూలధనముతోనే నడచుటకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము అవకాశ మిచ్చుచున్నది. జిల్లా యంత్రాంగము చేయవలసినది సంఘములకు స్థలము, గిడ్డంగి, బ్యాంకు ఋణము సమకూర్చుట, ఏటేటా లెక్కల తనిఖీ తప్పక జరుగునట్లు చూచుట. వాటాలు మాత్రము ఇంటియందున్న ఇల్లాలి పేరనే ఉండవలెనని నా అభిప్రాయము. భర్త దేశాంతరమున నుండగా సభకు రాగలది, ఓటు వేయగలది ఆమెయే, మరియు పిక్కలు ఒలుచు కూలి ఎంత ఉండవలెనో ఆమెకు తెలిసినంతగా వేరొకరికి తెలియదు.