ఆకాశం నుంచి నాణేలు

"భారతం, కాశీమజిలీ కథలు చదివి పెరిగినవాణ్ణి. ఈ ఇంగ్లిష్ ఫాంటసీ నవలలు నాకు ఎక్కుతాయా?" అని నందిగామ నుంచి ఒక పాఠకుడు రాశారు.

ఎక్కుతాయండీ. సాక్ష్యం మీ పక్కూరు జగ్గయ్యపేటలోనే ఉంది. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించిన అక్కడి బౌద్ధస్తూపం శిల్పాల్లో మాంధాత చక్రవర్తి చెయ్యి పైకెత్తితే మేఘాల్లోంచి చతురస్రపు నాణేలు రాలుతుంటాయి. తండ్రి కడుపున పుట్టిన ఆ రాజు కథ అరణ్యపర్వంలోనూ ఉంది. సుమారు రెండు వేల ఏళ్ల కిందటే ఇంత ఊహను రాతిలో చెక్కించుకున్న నేలకు మాంత్రికులూ డ్రాగన్లూ ఒక లెక్కా?

ముందు అర్సులా లెగ్విన్ 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' (1968) పట్టుకోండి. చిన్న పుస్తకం. పొగరుతో చదివిన మంత్రం వల్ల లేచిన నీడ ఒక కుర్రాణ్ణి తరుముతుంది. ఆనక అతనే దాని వెంటపడతాడు. తర్వాత టోల్కీన్ 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' (1954-55). ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లిష్ కావ్యాలు చెప్పిన ఆచార్యుడు. వంశావళులు, యుద్ధాలు, నడుమ పాటలు... పర్వాలు చదివిన ఓపిక ఇక్కడ అక్కరకొస్తుంది. మొదట్లో కథ నత్తనడకే, విసుక్కోకండి. మూడు భాగాలూ ఒకేసారి కొనకండి కూడా.

ఇవయ్యాక పింగళి సూరన 'కళాపూర్ణోదయం' మళ్లీ తెరవండి. బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథ భూమ్మీద నిజమై జరుగుతుంది. పదహారో శతాబ్దపు ఆ అల్లిక ముందు టోల్కీన్ కథనం తిన్నని బాటే. ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో రాయండి, వేసుకుంటాం.