విమానం కింద నిలబడినవారి మాట వినండి

2015 డిసెంబరు 16 రాత్రి ముంబై విమానాశ్రయంలో హైదరాబాద్ బయల్దేరబోతున్న ఎయిరిండియా విమానం ఇంజన్‌లోకి ఒక టెక్నీషియన్‌ను లాగేసింది. ఆయన అక్కడికక్కడే చనిపోయారు. విమానం ఇంకా గాల్లోకి లేవలేదు, రన్‌వే దాకా కూడా పోలేదు. కింద ఉన్నవారి సంకేతాన్ని కాక్‌పిట్‌లో తప్పుగా అర్థం చేసుకున్నారని మొదట్లోనే వార్తలు వచ్చాయి. వాతావరణం బాగాలేకనో, యంత్రం చెడిపోయో జరిగిన ప్రమాదం కాదది. ఇద్దరు మనుషుల మధ్య మాట తెగిపోయింది, అంతే.

నేను పదిహేడేళ్లుగా గల్ఫ్‌లోని ఒక విమానాశ్రయంలో గ్రౌండ్ హ్యాండ్లింగ్ పనిలో ఉన్నాను. లోడరుగా చేరాను. తర్వాత హెడ్‌సెట్ పెట్టుకుని పైలట్‌తో మాట్లాడే పని చేశాను. ఇప్పుడు షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఇన్నేళ్లలో నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. విమానయానంలో పైలట్ మాటకు ఎంత శిక్షణ ఇస్తారో, కింద నిలబడినవారి మాటకు అందులో పదో వంతు కూడా ఇవ్వరు. ఆ కింద నిలబడినవారిలో మన తెలుగువాళ్లు వందల్లో ఉన్నారు. పైన సీట్లలో మన కుటుంబాలున్నాయి. కాబట్టి ఇది మనందరి విషయం.

పైలట్‌కు అన్నీ కనిపిస్తాయని చాలామంది అనుకుంటారు. చాలా ప్రయాణికుల విమానాల్లో తన సీట్లోంచి ఇంజన్ ముందు ఎవరున్నారో, చక్రాల దగ్గర ఎవరున్నారో ఆయనకు కనబడదు. కిందివాళ్లే ఆయన కళ్లు. విమానాన్ని వెనక్కి నెట్టే ముందు హెడ్‌సెట్ మనిషి బ్రేకుల గురించి అడగాలి. పైలట్ బ్రేకులు వదిలానని చెప్పాలి. అప్పుడే టగ్గు కదలాలి. నెట్టడం పూర్తయ్యాక బ్రేకులు మళ్లీ వేయించాలి. టగ్గు విడదీయాలి. ముందు చక్రం దగ్గర పెట్టిన పిన్ను తీసి, హెడ్‌సెట్ వైరు పీకి, పక్కకు నడిచి వచ్చి, ఎర్ర రిబ్బను కట్టిన ఆ పిన్నును పైలట్‌కు ఎత్తి చూపించాలి. బొటనవేలు పైకెత్తాలి. పైలట్ చూశానని సంకేతం ఇవ్వాలి. అందాకా విమానం అంగుళం కదలకూడదు. వినడానికి ఇది పెద్ద తంతులా ఉంటుంది. ప్రతి మెట్టు వెనుకా ఎక్కడో ఎవరికో జరిగిన నష్టం ఉంది.

నియమం అందరికీ తెలిసినంత మాత్రాన సరిపోదని 2022 డిసెంబరు 31న అమెరికాలోని మాంట్‌గోమరీలో తేలింది. అలబామా రాష్ట్రంలోని ఆ విమానాశ్రయంలో ఒక విమానం గేటుకు వచ్చి ఆగింది. అందులో కరెంటు ఇచ్చే సహాయక యూనిట్ పనిచేయడం లేదు కాబట్టి ఇంజన్ నడుస్తూనే ఉంది. ఇంజన్ ఆగి ఎర్ర బీకన్ లైటు ఆరేదాకా దగ్గరికి వెళ్లొద్దని విమానం రాకముందే సిబ్బందిని కూర్చోబెట్టి చెప్పారు. ఇంజన్ ఇంకా నడుస్తోందని పైలట్ కిటికీ తెరిచి కూడా హెచ్చరించారు. అయినా ఒక ఉద్యోగిని ప్రాణం పోయింది. అమెరికా రవాణా భద్రతా బోర్డు ప్రాథమిక నివేదికలో ఈ వివరాలున్నాయి. సమావేశం పెట్టి చెప్పేశాం, మా బాధ్యత తీరిపోయింది అనుకునే యాజమాన్యాలు ఈ ఒక్క ఉదంతం చదివితే చాలు. చెప్పడం వేరు, అవతలివారికి అందిందని రూఢి చేసుకోవడం వేరు.

ఇక అసలు చెప్పనే చెప్పకపోతే? 2005 డిసెంబరు 26న సియాటిల్‌లో అదే జరిగింది. అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానాన్ని సామాను ఎక్కించే వాహనం తాకింది. దాన్ని నడిపిన కాంట్రాక్టు ఉద్యోగి ఎవరికీ చెప్పలేదు. విమానం లేచి దాదాపు 26,000 అడుగుల ఎత్తుకు చేరాక తాకిన చోట అడుగు పొడవు రంధ్రం పడింది. లోపల గాలి పీడనం పడిపోయి ఆక్సిజన్ మాస్కులు కిందికి వేలాడాయి. పైలట్లు క్షేమంగా వెనక్కి దించారు. ఇప్పటి విమానాల్లో ఈ ప్రమాదం ఇంకా లోతైనది. బోయింగ్ 787 బరువులో సగం దాకా కాంపోజిట్ పదార్థమే. అల్యూమినియంలా దానికి సొట్ట పడాలని లేదు. పైకి గీత కూడా లేకుండా లోపల పొరలు విడిపోవచ్చు. తాకినవారు నోరు తెరిస్తేనే ఇంజినీరు వచ్చి చూస్తాడు.

మరి నోరెందుకు తెరవరు? నేను చూసినంతలో రెండు కారణాలు. ఒకటి భాష, రెండోది భయం.

పైలట్లకు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లకు ఇంగ్లీషులో కనీసం నాలుగో స్థాయి ఉండాలన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన 2008లో అమల్లోకి వచ్చింది. ర్యాంపు మీద పనిచేసేవారికి అది వర్తించదు. జగిత్యాల నుంచో, కడప నుంచో, కోనసీమ నుంచో వచ్చిన పిల్లవాడు ఇక్కడ ముందు హిందీ నేర్చుకుంటాడు. ఎందుకంటే నేపాల్, బంగ్లాదేశ్, కేరళ వాళ్లతో కలిసి పని నడిచేది అందులోనే. హెడ్‌సెట్‌లో మాత్రం ఇంగ్లీషు. అంటే అతని కంటికి కనిపించింది తెలుగులో పుట్టి, హిందీలో నడిచి, ఇంగ్లీషులో పైలట్‌కు చేరాలి. అన్ని మలుపులు తిరిగేసరికి ఆ సెకను దాటిపోతుంది.

ఇంగ్లీషు రానివాళ్లను ఉద్యోగంలోకే తీసుకోవద్దని కొందరంటారు. నేను ఒప్పుకోను. ర్యాంపు మీద కావలసింది వ్యాసం రాసే ఇంగ్లీషు కాదు. ఇరవై, పాతిక వాక్యాలు, తడబడకుండా చేసే చేతి సంకేతాలు చాలు. వాటిని కార్మికుడి సొంత భాషలో వివరించి, బేలో నిలబెట్టి, చెవులు గింగురుమనే శబ్దంలో చేయించి పరీక్షించాలి. ఏసీ గదిలో స్లైడ్లు చూపించి సంతకం తీసుకుంటే అది శిక్షణ కాదు, కాగితం.

భయం అంతకంటే మొండిది. ప్రతి ఆలస్యానికీ ఒక కోడ్ ఉంటుంది. అది ఎవరి ఖాతాలో పడితే వాళ్లు సంజాయిషీ చెప్పుకోవాలి. కాంట్రాక్టు కంపెనీ ఆ కోడ్‌కు భయపడుతుంది, సూపర్‌వైజరు కంపెనీకి భయపడతాడు, లోడరు సూపర్‌వైజరుకు భయపడతాడు. అతని వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంది, ఊళ్లో అప్పు ఉంది. దానికితోడు పెద్దవాళ్లకు ఎదురు చెప్పొద్దని మనం పెంచిన పెంపకం. నాలుగు చారల చొక్కా వేసుకున్న కెప్టెన్‌ను 'ఆగండి సార్' అనడానికి అతనికి నోరెలా వస్తుంది?

రావాలంటే ఆ చనువు మనమే ఇవ్వాలి. మా జట్టులో ఒకతను బెల్ట్ లోడరు కార్గో తలుపు పక్కన మెత్తగా తాకిందని వచ్చి చెప్పాడు. మచ్చ కూడా లేదు. ఇంజినీర్లు పరీక్షించారు, ఏమీ లేదని తేల్చారు. విమానం నలభై నిమిషాలు ఆలస్యమైంది, ఆలస్యం మా ఖాతాలోనే పడింది. మరునాడు షిఫ్ట్ మొదట్లో అందరి ముందూ అతనికి కృతజ్ఞతలు చెప్పాను. ఏమీ దొరకని రోజున మెచ్చుకుంటేనే, ఏదో ఉన్న రోజున ఇంకొకరు వచ్చి చెబుతారు. యూరప్‌లో ఇలా నివేదించేవారికి రక్షణ కల్పిస్తూ 2014లోనే చట్టం చేశారు. అమెరికాలో నాసా నడిపే నివేదన వ్యవస్థ 1976 నుంచి ఉంది. పేరు బయటపడకుండా గ్రౌండ్ సిబ్బంది కూడా దానికి రాయవచ్చు. అక్కడ పనిచేసే మనవాళ్లు ఈ దారులు తెలుసుకోవాలి, వాడుకోవాలి.

ప్రయాణికులుగా మన వంతు కూడా ఉంది. 1989 మార్చి 10న కెనడాలోని డ్రైడెన్‌లో ఎయిర్ ఒంటారియో విమానం రెక్కల మీద మంచుతో బయల్దేరి కూలిపోయింది. 24 మంది చనిపోయారు. ఆ మంచును లోపలివాళ్లు చూశారు. డ్యూటీలో లేని పైలట్లు కూడా ప్రయాణికుల్లో ఉన్నారు. కెప్టెన్‌కు తెలిసే ఉంటుందిలే అన్న నమ్మకంతో ఎవరూ ఆయన దాకా మాట చేరవేయలేదు. అసాధారణమైనది కనిపిస్తే సిబ్బందికి చెప్పండి, నవ్వుతారేమోనని చూడకండి. కిందివాళ్లు ఇంకోసారి చూస్తున్నారని పైలట్ ప్రకటిస్తే గేటు దగ్గరి అమ్మాయి మీద అరవకండి. పెళ్లి ముహూర్తం దాటిపోతుందన్న ఆందోళన, కనెక్టింగ్ విమానం తప్పిపోతుందన్న బెంగ నాకు తెలియనివి కావు. కానీ ఆ అరుపులు చివరికి చేరేది చూసింది చూసినట్టు చెప్పిన లోడరు నెత్తి మీదికే.

నాలాంటి సూపర్‌వైజర్లకు ఒక్క మాట. మీ జట్టులో కొత్తగా చేరిన పిల్లవాడికి మొదటి రోజు నేర్పాల్సిన ఇంగ్లీషు మాట 'ఎస్ సార్' కాదు, 'స్టాప్'. ఆ మాట అన్నందుకు అతని జీతంలో ఒక్క దిర్హమూ కోతపడదని కూడా అదే రోజు చెప్పండి.