ఆకుపందిరిలో చిల్లు

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలోని రాజ్‌కిశోర్ నగర్ నుండి వాయవ్య దిశగా సుమారు 60 కిలోమీటర్లు వెళితే అచానక్‌మార్ అరణ్యం ఎదురవుతుంది. 1975లో అభయారణ్యంగాను, 2009లో పులుల రక్షితప్రాంతంగాను ప్రకటితమైన ఈ అడవికి సాలవృక్షమే పెట్టనికోట. మన శ్రీకాకుళం మన్యంలో గుగ్గిలం చెట్టు అనేది దీనినే. ఒకప్పుడు రైలు పట్టాల కింద పరచిన స్లీపర్లకు ఈ కలపను విరివిగా వాడేవారు. అలా కూలిన చెట్టు స్థానాన్ని మరొక చెట్టు ఎలా భర్తీ చేస్తుంది?

తొలకరికి ముందు రాలే సాల గింజకు ఆయుష్షు స్వల్పం; వారం పది రోజులలో మొలవకుంటే ఇక మొలవదు. మొలిచినా పెద్ద చెట్ల నీడలో దానికి ఎదుగుదల ఉండదు. పై ఆకులు ఎండలోని ఎర్రని కాంతిని చాలావరకు గ్రహించి, మిగిలిన మసక వెలుతురునే కిందికి వదులుతాయి. అందువల్ల చిరుమొక్క కాండం ఏటేటా ఎండిపోతుంది. అయితే మొక్క చనిపోయినదని భ్రమపడరాదు. నేలలో వేరు బతికే ఉండి, ఏళ్ల తరబడి బలం కూడగట్టుకుంటూ, ప్రతి వర్షాకాలంలోను కొత్త చిగురు వేస్తుంది. దానికి కావలసినది పందిరిలో ఒక చిల్లు.

ఒక ముసలి చెట్టు కూలగానే ఆ చిల్లు ఏర్పడుతుంది. ఎండ నేలను తాకుతుంది, మట్టి వెచ్చబడుతుంది, కాచుకొని ఉన్న వేరు నిటారైన కాండాన్ని పైకి పంపుతుంది. చిల్లంతటా వెలుతురు సమానంగా ఉండదు. మన దేశంలో సూర్యుడు ఏడాదిలో అధికభాగం దక్షిణానికి వాలి ఉంటాడు గనుక, చిల్లుకు ఉత్తరపు అంచున ఎండ హెచ్చు, దక్షిణపు అంచున నీడ హెచ్చు.

అయితే చిల్లు మరీ పెద్దదైతే వరమే శాపమవుతుంది. వేసవి మధ్యాహ్నం నేల పెనంలా కాలుతుంది. శీతకాలపు రాత్రి పైన కప్పు లేనందున నేలలోని వేడి ఆకాశానికి ఎగిరిపోతుంది. పల్లపు చోట్ల చల్లగాలి నిలిచి, మంచు పేరుకొని, లేత చిగుళ్లు మాడిపోతాయి. గడ్డి ఏపుగా పెరిగి మొక్కను కమ్మివేస్తుంది, ఎండిన పిమ్మట నిప్పుకు ఆహుతవుతుంది. 1990ల చివరి సంవత్సరాలలో నాటి మధ్యప్రదేశ్ సాల అడవులను కాండం తొలిచే పురుగు పట్టి లక్షలాది చెట్లను బలిగొన్నప్పుడు, అడవిలో అనేక చోట్ల పందిరి ఒక్కసారిగా విచ్చిపోయింది.

కనుక అడవికి చిల్లు అవసరమే. దాని కొలత అంతకంటె ముఖ్యం. అనుభవజ్ఞుడైన అటవీ ఉద్యోగి ముందుగా తల ఎత్తి చెట్టు లావును అంచనా వేయడు. తల వంచి, దాని నీడలో వారసులు సిద్ధంగా ఉన్నారో లేదో చూస్తాడు. గొడ్డలి మాట ఆ తరువాతనే.