ఓడినవారి బాకీ ఎవరిది?

2008 జూన్ 27న న్యూ హాంప్‌షైర్‌లోని యూనిటీ అనే చిన్న ఊళ్లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థిత్వం గెలుచుకున్న బరాక్ ఒబామా, ఆ పోటీలో ఓడిన హిల్లరీ క్లింటన్ ఒకే వేదిక ఎక్కారు. జనవరి ప్రైమరీలో ఆ ఊరు ఇద్దరికీ చెరి 107 ఓట్లు వేసింది. ఊరి పేరూ కలిసొచ్చింది, లెక్కా కలిసొచ్చింది, ఫొటోలూ బాగా వచ్చాయి. నన్నడిగితే అసలు పని ముందురోజే వాషింగ్టన్‌లోని మేఫ్లవర్ హోటల్లో జరిగింది. క్లింటన్‌కు విరాళాలిచ్చినవాళ్ల ఎదుట, తానూ తన భార్యా చెరో 2,300 డాలర్లు ఆమె ప్రచార బాకీలకు ఇస్తున్నామని ఒబామా చెప్పారు. ఒక మనిషి ఒక ఎన్నికకు ఇవ్వడానికి చట్టం అప్పట్లో ఒప్పుకున్నది అంతే.

ఆ బాకీ 2 కోట్ల డాలర్లు దాటింది. అందులో సుమారు సగం ఆమె తన ప్రచారానికి తానే అప్పిచ్చుకున్న సొంత డబ్బు. దాన్ని తీర్చమని ఎవర్నీ అడగలేదు, చివరికి వదులుకున్నారు. మిగతాదాంట్లో పెద్ద వాటా సర్వేలు చేసి సలహాలిచ్చేవాళ్లది. వాళ్లకు కాస్త ఆలస్యమైనా ఇల్లు గడుస్తుంది. కానీ ఆ పట్టికలోనే సభకు వేదిక కట్టినవాళ్లూ, మైకులూ లైట్లూ పెట్టినవాళ్లూ ఉన్నారు. మా బిల్లులు రావడం లేదు మొర్రో అని ఒహాయో చిన్న వ్యాపారులు ఆ మార్చిలోనే పత్రికలవాళ్లకు చెప్పుకున్నారు.

ఒబామా అభిమానుల్లో చాలామందికి ఇది మింగుడుపడలేదు. నెలల తరబడి మా మనిషిని దెప్పిన ప్రచారానికి మేమెందుకు డబ్బు కట్టాలి? గెలుపు ఆశ పోయాక కూడా అప్పు చేసి పోటీని సాగదీయమని ఆమెకు ఎవరు చెప్పారు? ఈ ప్రశ్నల్లో న్యాయం లేకపోలేదు. జులైలో న్యూయార్క్ విరాళాల సభలో సాక్షాత్తు ఒబామాయే ఆమె బాకీ సంగతి అడగడం మరిచిపోయి వేదిక దిగారు. గుర్తొచ్చి మళ్లీ ఎక్కి అడిగారు. (మనసుకు రుచించని పనులే ఇలా మరుపున పడతాయి.)

అయినా సాగదీసిన ఆ పోటీ వల్ల లాభపడిందెవరు? ఇండియానా, నార్త్ కరోలినాల ప్రైమరీలు మే 6న జరిగాయి. మామూలుగా అప్పటికి పోటీ ముగిసిపోయి ఉంటుంది, ఆ రాష్ట్రాల గడప తొక్కేవాళ్లుండరు. ఆ ఏడాది ఇద్దరూ అక్కడ ఆఫీసులు తెరిచారు, కొత్త ఓటర్లను నమోదు చేయించారు, ఇంటింటికీ మనుషుల్ని పంపారు. నవంబరులో ఒబామా ఇండియానాను సుమారు 28 వేల ఓట్లతో, నార్త్ కరోలినాను సుమారు 14 వేల ఓట్లతో గెలిచారు. డెమొక్రాట్లకు ఇండియానా 1964 తర్వాత, నార్త్ కరోలినా 1976 తర్వాత దక్కడం అదే మొదలు. ఆమె ఫిబ్రవరిలోనే తప్పుకుని ఉంటే ఈ రెండూ దక్కేవని గుండె మీద చెయ్యి వేసుకుని ఎవరనగలరు?

చట్టం సంగతి కూడా చూడండి. గెలిచిన అభ్యర్థి తన ప్రచార ఖాతాలోంచి ఓడినవారి బాకీ మొత్తం తీర్చేయడానికి వీల్లేదు. ఓడినవారి గట్టి అభిమానులేమో పరిమితి మేరకు ఎప్పుడో ఇచ్చేసి ఉంటారు. ఇక మిగిలేది అవతలి పక్షాన నిలబడి ఆమెకు పైసా ఇవ్వని మనమే. మనం కదలకపోతే ఏమవుతుందో తెలుసు. 2009లో క్లింటన్ విదేశాంగ మంత్రి అయ్యాక తానుగా విరాళాలు అడిగే వీలు పోయింది. భర్త ఈమెయిళ్లు పంపుతూ, తనతో ఒకరోజు గడిపే అవకాశానికి లాటరీ కూడా వేశారు. ఖాతా పూర్తిగా తేలేసరికి 2013 వచ్చింది. 1984లో పోటీచేసిన సెనేటర్ జాన్ గ్లెన్ బాకీలైతే ఇరవయ్యేళ్లు దాటినా వెంటాడాయి.

పెళ్లి చెడిందని పందిరి వేసినవాడి కూలి ఎగ్గొడతామా? ఎన్నికల్లో మాత్రం ఓడినవారి పద్దు కదా అని ఎందుకు తప్పుకుంటున్నాం? ఐక్యత కావాలని మైకులో అడిగే నాయకుణ్ణి కాదు, చప్పట్లు కొట్టే మనల్నే అడుగుతున్నాను.

2028 ప్రైమరీలు ఎంతో దూరంలో లేవు. అమెరికాలో స్థిరపడి, పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండి పార్టీలకు విరాళాలిస్తున్న తెలుగువాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. మీ అభ్యర్థి గెలిచిన వారంలోనే ఫెడరల్ ఎన్నికల కమిషన్ వెబ్‌సైటు తెరవండి. ఓడినవారి కమిటీ ఎవరికెంత బాకీ ఉందో పేరుపేరునా చెప్పే పట్టిక, షెడ్యూల్ డి, అందులో ఉంటుంది. ప్రైమరీ బాకీ కోసమని స్పష్టంగా రాసి చెక్కు పంపండి. వెయ్యి డాలర్లే కానక్కర్లేదు, ఇరవై ఐదైనా సరే. దానితోపాటు, చిన్న వ్యాపారుల బిల్లులు ముందు తీర్చి సలహాదారుల్ని వరసలో చివర నిలబెట్టమని ఆ కమిటీ కోశాధికారికి నాలుగు ముక్కలు రాయండి. గెలిచినాయన విందుకు టికెట్టు ఆ తర్వాత కొనుక్కోవచ్చు.